ఆయుధ పూజకు ముందే ఆ చిన్న బ్యాటరీ చూడండి

సంపాదకుల వారికి నమస్కారం.

దసరా దగ్గర పడుతోంది. మన జిల్లాల్లో ఏ ఫ్యాక్టరీకి వెళ్లినా, ఏ రైస్ మిల్లుకి వెళ్లినా ఆయుధ పూజ రోజు మెయిన్ ఆపేసి, యంత్రాలన్నీ తుడిచి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, ప్యానెళ్ల తలుపులకి మామిడాకులు కడతారు. నేను ఇరవై ఏళ్లకు పైగా ఆ ప్యానెళ్ల లోపల చెయ్యి పెట్టి బతుకుతున్నవాణ్ణి. తలుపు మీద బొట్టు పెట్టే ముందు ఆ తలుపు తీసి లోపలున్న ఒక చిన్న బ్యాటరీని చూడమని నలుగురికీ చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. మీ పత్రిక మా షిఫ్ట్ రూమ్‌లోనూ ఉంటుంది, మిల్లు ఓనర్ల బల్ల మీదా ఉంటుంది. అందుకే మీకు రాస్తున్నాను.

ఆ బ్యాటరీ ఉండేది ప్యానెల్‌లోని పీఎల్‌సీ (ప్రోగ్రామబుల్ లాజిక్ కంట్రోలర్)లో. అదంటే తెలియని పాఠకుల కోసం రెండు ముక్కలు. మోటారు ఎప్పుడు తిరగాలి, వాల్వు ఎప్పుడు తెరుచుకోవాలి, ఏది ఆగితే ఏది ఆగాలి అని యంత్రాలకు చెప్పే పెట్టె అది. అది రాకముందు ఇదంతా గోడ పొడవునా రిలేలు అనే కరెంటు స్విచ్చులు, వాటి మధ్య కట్టలు కట్టలుగా వైర్లతో నడిచేది. అమెరికాలో జనరల్ మోటార్స్ వాళ్లు కారు మోడల్ మారినప్పుడల్లా ఆ వైర్లన్నీ విప్పి మళ్లీ కట్టలేక 1968లో వేరే దారి కావాలని అడిగితే, డిక్ మోర్లీ బృందం మోడికాన్ 084 అనే పెట్టె తయారు చేసింది. అప్పట్నుంచి వైర్లలో ఉండే తెలివి ప్రోగ్రామ్‌లోకి వచ్చింది. పని చాలా సులువైంది, కాదనను. కానీ వైరు రాత్రికి రాత్రి మాయమైపోదు, ప్రోగ్రామ్ మాయమవుతుంది. చాలా పీఎల్‌సీల్లో, ముఖ్యంగా పదిహేను ఇరవై ఏళ్ల కిందట కొన్నవాటిలో, ప్రోగ్రామ్ ర్యామ్‌లో ఉంటుంది. కరెంటు ఉన్నంతసేపు కరెంటే దాన్ని నిలబెడుతుంది, కరెంటు పోతే వేలెడంత లిథియం బ్యాటరీ నిలబెడుతుంది. రెండూ లేకపోతే పెట్టె ఖాళీ.

ఆ ఖాళీ పెట్టె ఎలా ఉంటుందో నేను కళ్లారా చూశాను. గోదావరి జిల్లాల్లో ఒక చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసే రోజులు, ఏ ఫ్యాక్టరీయో చెప్పను, అవసరం లేదు. మాకు క్రషింగ్, అంటే చెరకు ఆడించడం, నవంబర్ చివర్లో మొదలై మార్చి ఏప్రిల్ దాకా నడిచేది, మిగతా ఏడెనిమిది నెలలు రిపేర్లే. అంతకు ముందు సీజన్ చివర్లో చెరకుని మిల్లులోకి మోసుకెళ్లే కేన్ క్యారియర్ ప్యానెల్‌లో బ్యాటరీ లైటు వెలుగుతోందని ఆపరేటర్ చెప్పాడు. నేనే వెళ్లి చూశాను, లాగ్ బుక్‌లో నా చేత్తో రాశాను, ఇండెంట్ పెట్టించాను. ఆ కాగితం స్టోర్స్ నుంచి పర్చేజ్‌కి వెళ్లింది, మూడు కొటేషన్లు కావాలన్నారు, ఈలోగా సీజన్ అయిపోయింది, ఎలక్ట్రికల్ వాళ్లు సెక్షన్ మెయిన్ తీసేశారు, నేను ఓవర్‌హాలింగ్ పనుల్లో పడ్డాను. తప్పులో నా వాటా నాకుంది. మళ్లీ అడగాల్సింది, అడగలేదు.

నవంబర్‌లో పూజ చేశారు, బాయిలర్ వెలిగించారు, రైతులకి కటింగ్ పర్మిట్లు ముందే వెళ్లిపోయాయి. ప్యానెల్‌కి పవర్ ఇచ్చాం. రన్ లైటు రాలేదు. ఎర్ర లైటు ఒకటి మినుకు మినుకుమంటోంది. లాప్‌టాప్ తగిలించి చూస్తే లోపల ఒక్క లైను లేదు. ప్రోగ్రామ్ కాపీ మా దగ్గర లేదు. యంత్రం అమ్మినవాళ్లది వేరే రాష్ట్రం, ప్రోగ్రామ్ రాసిన ఇంజనీరు అక్కడ మానేసి చాలా కాలమైంది. వాళ్లు వెతికి పంపిన ఫైలు ఇంకో ఫ్యాక్టరీది, మా క్యారియర్ స్పీడ్లకీ, ఒకటి ఆగితే ఇంకోటి ఆగేలా చూసే మా ఇంటర్‌లాక్‌లకీ దానికీ పొంతన లేదు. ఇంటర్‌లాక్‌లు పక్కన పెట్టి చేత్తో నడిపేద్దాం అని ఎవరో అన్నారు. అలా చేస్తే చెరకుని పీచుగా చీల్చే ఫైబరైజర్ ట్రిప్ అయి ఆగినా వెనకాల చెరకు తోసుకుంటూ వస్తూనే ఉంటుంది, దాన్ని శుభ్రం చేయడానికి లోపలికి దిగేది మా మనుషులే కదా. మా చీఫ్ ఇంజనీర్ గారు ససేమిరా ఒప్పుకోలేదు, ఆయనకి ఇప్పటికీ దండం పెడతాను.

రెండో రోజు రాత్రి యార్డ్ అవతల టీ తాగడానికి వెళ్లాను. ట్రాక్టర్లు రోడ్డు దాకా నిలబడి ఉన్నాయి, రైతులు చలిమంట వేసుకుని కూర్చున్నారు. కోసిన చెరకు రోజు గడిచేకొద్దీ ఎండిపోతుంది, బరువు తగ్గుతుంది, రసంలో చక్కెర విరిగిపోతుంది. వాళ్లకి ఇది నాకంటే బాగా తెలుసు. ఒక పెద్దాయన అడిగారు.

"ఏం బాబూ, ఏవైందంట లోపల?"

"కంట్రోల్ ప్యానెల్‌లో బ్యాటరీ అయిపోయిందండి, బాబాయ్ గారూ."

ఆయన వెంటనే లేచారు. "అంతేనా, మా ట్రాక్టర్‌ది ఇప్పి ఇచ్చేస్తాను, పట్టుకెళ్లు."

ఆయన నిజంగానే పానా కోసం టూల్ బాక్స్ మూత తీశారు. ఆయన్ని ఆపి, అది ఆ బ్యాటరీ కాదండి అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. నాలుగో రోజు సాయంత్రం, పాత ఎలక్ట్రికల్ డ్రాయింగులు ముందేసుకుని, బయటినుంచి వచ్చిన ఒక ఇంజనీరూ నేనూ కలిసి ప్రోగ్రామ్ మొదటినుంచి రాసి నడిపించాం. ఆ బ్యాటరీ ఖరీదు అప్పట్లో వెయ్యి రూపాయల లోపే.

అప్పట్నుంచీ ఈ బ్యాటరీల గురించి నేను గట్టిగా పట్టించుకుంటున్నాను. అందరికీ తెలియాల్సిన మొదటి సంగతి, ఈ బ్యాటరీ ఎక్కువగా ఖర్చయ్యేది యంత్రం నడుస్తున్నప్పుడు కాదు, ఆగి ఉన్నప్పుడు. రోజూ మూడు షిఫ్టులూ నడిచే ఫ్యాక్టరీలో ఏళ్ల తరబడి నిలిచే బ్యాటరీ, ఆరు నెలలు మెయిన్ తీసేసి పెట్టే చక్కెర ఫ్యాక్టరీలోనో, పత్తి సీజన్ అయ్యాక తాళం పడే జిన్నింగ్ మిల్లులోనో తొందరగా అయిపోతుంది. పైగా హెచ్చరించే లైటు వెలగాలన్నా పవర్ ఉండాలి. పవర్ తీసేసిన ప్యానెల్‌లో బ్యాటరీ చచ్చిపోతుంటే చెప్పేవాడు ఎవడూ ఉండడు. కాబట్టి సీజన్ మధ్యలో లైటు వెలిగితే, సీజన్ అయ్యాక చూద్దాం అనే మాట అసలు అనకూడదు. ఆఫ్ సీజన్‌లో కూడా వీలైతే ఆ పీఎల్‌సీ ఒక్కదానికీ పవర్ ఉంచండి, పెద్ద ఖర్చేం కాదు.

2020 మార్చి 25న లాక్‌డౌన్ పెట్టినప్పుడు ఇదే జరిగింది. ఎప్పుడూ ఆగని ఫ్యాక్టరీలు కూడా మెయిన్లు తీసేసి తాళాలు వేసి వెళ్లిపోయాయి. మళ్లీ తెరిచిన వారాల్లో నా ఫోను మోగుతూనే ఉంది, "అన్నా, పవర్ ఇచ్చాం, ఏమీ రావట్లేదు" అని. హైదరాబాద్ బాలానగర్‌లో సీఎన్‌సీ మెషిన్లు (కంప్యూటర్ లెక్కతో లోహం కోసే యంత్రాలు) నడిపే ఒక తమ్ముడికైతే ప్రోగ్రామ్ ఉంది గానీ యంత్రానికి తన హోమ్ పొజిషన్ ఎక్కడో తెలియడం లేదు, ఎందుకంటే మోటారు ఎక్కడుందో గుర్తుపెట్టుకునే సర్వో ఎన్‌కోడర్లకి వేరే బ్యాటరీలు ఉంటాయి, అవి అయిపోయాయి. రోబోలకీ అంతే. ప్రోగ్రామ్ చెక్కుచెదరకుండా ఉన్నా, చెయ్యి ఎక్కడుందో దానికే తెలియకపోతే మళ్లీ సున్నా నుంచి కొలతలు పెట్టుకోవాలి.

రెండో సంగతి మల్టీమీటర్ గురించి. మా కుర్రాళ్లు బ్యాటరీ తీసి మీటర్ పెట్టి, "అన్నా, 3.6 వోల్టులు ఫుల్లుగా ఉంది" అంటారు. ఈ పెట్టెల్లో చాలావాటికి వాడేది లిథియం థయోనైల్ క్లోరైడ్ రకం. కొత్తదానికీ 3.6 వోల్టులే, దాదాపు చివరిదాకా వాడేసినదానికీ 3.6 వోల్టులే చూపిస్తుంది. చివర్లో ఒక్కసారిగా పడిపోతుంది. టార్చిలైట్ సెల్లులాగా నెమ్మదిగా దిగదు. అందుకని మీటర్‌ని కాదు, తారీకుని నమ్మాలి. మాన్యువల్లో ఎన్నేళ్లు అని ఉంటే అన్నేళ్లకి, మన ఎండలకి ఇంకాస్త ముందే, బాగానే ఉందనిపించినా సరే మార్చేయాలి. మిత్సుబిషీ ఎఫ్‌ఎక్స్‌2ఎన్ రకం పీఎల్‌సీకి సుమారు 5 ఏళ్లు అంటారు, కొన్ని కంపెనీల వాటికి 2 ఏళ్లే. నేను ప్యానెల్ తలుపు లోపలివైపు ఒక స్టిక్కర్ అంటించి మార్చిన తేదీ, మళ్లీ మార్చాల్సిన తేదీ పర్మనెంట్ మార్కర్‌తో రాస్తాను. ఆ స్టిక్కర్ చేసినంత మేలు ఏ సాఫ్ట్‌వేరూ చేయలేదు నాకు.

అదే ఎఫ్‌ఎక్స్‌2ఎన్‌లో బ్యాటరీ తగ్గితే ఎం8005 అనే బిట్ (లోపలి గుర్తు) ఆన్ అవుతుంది, డీ8005 అనే చోట వోల్టేజి కూడా కనిపిస్తుంది, 36 అని ఉంటే 3.6 వోల్టులు. ఆ బిట్‌ని తీసుకెళ్లి ఆపరేటర్ ముందున్న స్క్రీన్ మీద అలారంగా పెట్టడానికి ఒక్క లైను ల్యాడర్ (పీఎల్‌సీ ప్రోగ్రామ్ రాసే భాష) చాలు. ప్యానెల్ తలుపు మూసి ఉంటే లోపల వెలిగే బియ్యపుగింజంత లైటు ఎవరికి కనిపిస్తుంది? వేరే కంపెనీల వాటిలోనూ ఇలాంటి ఏర్పాటు ఏదో ఒకటి ఉంటుంది. కొత్త యంత్రం కొనేటప్పుడే ఈ అలారం అడగండి.

ఇక మార్చడం. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు, ఎందుకంటే అన్ని కంపెనీలకీ ఒకే పద్ధతి కాదు. సీమెన్స్ ఎస్5, పాత ఎస్7-300 లాంటివాటిలో పవర్ ఆన్‌లో ఉండగానే బ్యాటరీ మార్చాలి. పవర్ ఆపి బ్యాటరీ తీశారంటే మీ చేత్తో మీరే ప్రోగ్రామ్ చెరిపేసినట్టు. మిత్సుబిషీ ఎఫ్‌ఎక్స్‌2ఎన్‌లో పవర్ ఆపి మార్చమంటారు, కానీ పాతది పీకిన 20 సెకన్లలో కొత్తది పెట్టేయాలి. ఆ కొద్ది సెకన్లు లోపలున్న కెపాసిటర్ మెమరీని మోస్తుంది. ఓమ్రాన్ వాటిలో కొన్నింటికి మార్చే ముందు కనీసం 5 నిమిషాలు పవర్ ఇచ్చి ఉంచమని రాసి ఉంటుంది, అదీ ఆ కెపాసిటర్ నిండడానికే. "కరెంటు వస్తువు కదా, మెయిన్ ఆపి పని చేయాలి" అనేది మాకు మొదటిరోజు నేర్పే పాఠం, మంచి పాఠమే. కానీ ఆ పాఠం పట్టుకుని మంచి పనివాళ్లే ఆదివారం షట్‌డౌన్‌లో తీరిగ్గా బ్యాటరీ పీకి, బజారుకి వెళ్లి అలాంటిది కొనుక్కొచ్చి సాయంత్రం పెట్టిన సందర్భాలు నాకు తెలుసు. సోమవారం పొద్దున్న ఏమై ఉంటుందో చెప్పనక్కర్లేదు. ఏ మోడలో చూసి, దాని మాన్యువల్లో ఆ ఒక్క పేజీ చదివి, కొత్త బ్యాటరీ ప్యాకెట్ విప్పి చేతిలో పట్టుకుని అప్పుడు పాతది ముట్టుకోండి. పవర్ ఉన్న ప్యానెల్‌లో చెయ్యి పెట్టాల్సి వస్తే ఉంగరం, గడియారం, చేతికున్న స్టీలు కడియం తీసేయండి, పక్కన ఇంకో మనిషిని ఉంచుకోండి.

నేను ఎలా చేస్తానో చెబుతాను. ముందు లాప్‌టాప్‌లోకి ప్రోగ్రామ్ ఎక్కించుకుంటాను, వెరిఫై కొట్టి పెట్టెలో ఉన్నదీ కాపీలో ఉన్నదీ ఒకటే అని చూస్తాను. కొత్త బ్యాటరీ కనెక్టర్‌ని పాతదాని పక్కన పెట్టి ఎరుపు, నలుపు వైర్లు ఒకే వైపు ఉన్నాయా అని చూస్తాను, ఎందుకంటే బజార్లో దొరికే నకిలీవాటిలో ప్లగ్ సరిగ్గా అతుకుతుంది గానీ వైర్లు తారుమారుగా ఉండేవి వస్తున్నాయి. తయారీ తేదీ చూస్తాను. స్టోర్స్ బీరువాలో నాలుగేళ్లు పడి ఉన్న స్పేర్ బ్యాటరీ కొత్తది కాదు. ప్యానెల్ ఇనుముని ఒకసారి చేత్తో ముట్టుకుని ఒంటి మీది స్టాటిక్ దించుకుంటాను. పాతది లాగేటప్పుడు వైర్లు పట్టుకుని కాదు, చిన్న తెల్ల ప్లగ్‌ని గోళ్లతో పట్టుకుని లాగుతాను. కొత్తది టక్కుమని కూర్చున్న చప్పుడు వినిపించాకే ఊపిరి వదులుతాను. ఇన్నేళ్లయినా ఆ ఇరవై సెకన్లు టెన్షన్ గానే ఉంటుంది.

ఇంకో ప్రమాదం చెప్పాలి. ఈ లిథియం సెల్ కొన్ని మోడళ్లలో అచ్చం గడియారంలో వేసే పెన్ సెల్ సైజులోనే ఉంటుంది. పెన్ సెల్ 1.5 వోల్టులు, ఇది 3.6. దాని బదులు ఇది, దీని బదులు అది వేయకూడదు. దీన్ని ఛార్జింగ్ పెట్టకూడదు, మంటలో వేయకూడదు, సెల్ ఒంటి మీద నేరుగా సోల్డరింగ్ చేయకూడదు, పేలే ప్రమాదం ఉంది. వైర్లు కట్టి ఉన్న అసలు బ్యాటరీయే కొనండి, మొబైల్ షాపులో అతికించుకోకండి. పాతవాటిని చెత్తబుట్టలో వేయకుండా రెండు కొనలకీ టేపు వేసి విడిగా పెట్టండి. 2022 నుంచి వచ్చిన బ్యాటరీ వేస్ట్ మేనేజ్‌మెంట్ రూల్స్ ఇలాంటి చిన్న బ్యాటరీలకీ వర్తిస్తాయి.

"మాది కొత్త మోడల్, మెమరీ కార్డు ఉంది, బ్యాటరీ గోల లేదు" అనేవాళ్లకీ ఒక మాట. నిజమే, ఎస్7-300లోనే తర్వాత వచ్చిన మోడళ్లలో కార్డులోనే ప్రోగ్రామ్ ఉంటుంది. కానీ ఆ కార్డుని పవర్ ఉండగా పీకితే పాడయ్యే ప్రమాదం ఉంది, తీసుకెళ్లి మామూలు లాప్‌టాప్‌లో ఫార్మాట్ కొడితే ఇక పనికిరాదు. ఇంకొన్ని మోడళ్లలో ప్రోగ్రామ్ ఫ్లాష్‌లో భద్రంగా ఉన్నా గడియారం, రెసిపీలు (ముందే పెట్టుకున్న సెట్టింగులు), కౌంటర్ లెక్కలు లాంటివి బ్యాటరీ మీదే ఆధారపడి ఉంటాయి. ప్రోగ్రామ్ ఉండి, డ్రయ్యర్ టైమింగులన్నీ సున్నాలైపోతే ధాన్యం ఏమవుతుందో మిల్లువాళ్లకే తెలియాలి.

అసలు నా కోపమంతా ప్రోగ్రామ్ కాపీ దగ్గర. లక్షలు పోసి యంత్రం కొంటారు, అందులో ప్రోగ్రామ్‌కి పాస్‌వర్డ్ వేసి అమ్మినవాళ్లు వెళ్లిపోతారు, ఓనర్‌కి ఆ సంగతే తెలియదు. ఇల్లు కొని బీరువా తాళం బిల్డర్ దగ్గరే వదిలేసినట్టు. ప్రోగ్రామ్ ఫైలు, పాస్‌వర్డ్, కామెంట్లతో సహా ఇస్తేనే ఆఖరి వాయిదా డబ్బు కడతామని పర్చేజ్ ఆర్డర్‌లోనే రాయండి. కామెంట్లు అని ఎందుకంటున్నానంటే, చాలా పాత పెట్టెల్లోంచి ప్రోగ్రామ్ బయటికి లాగితే ఎక్స్12, వై7 అని గీతలు వస్తాయి గానీ ఏది ఏ మోటారో రాసి ఉండదు. పేర్లు లేని ఊళ్లో అడ్రస్ వెతికినట్టు ఉంటుంది. కాపీ వచ్చాక ఒక్క మెయింటెనెన్స్ కుర్రాడి లాప్‌టాప్‌లో వదిలేయకండి, అతను మానేస్తే అతనితో పాటే పోతుంది. రెండు పెన్‌డ్రైవ్‌లు, ఒకటి ఆఫీసులో, ఒకటి ఓనర్ ఇంట్లో, ఒక ప్రింటు ప్యానెల్ జేబులో. ఆ పాత పెట్టెకి పనికొచ్చే కేబుల్, ఆ పాత సాఫ్ట్‌వేర్ తెరుచుకునే పాత లాప్‌టాప్ కూడా దాచండి. చాలాచోట్ల పాత విండోస్ ఎక్స్‌పీ లాప్‌టాప్‌ని స్క్రాప్‌లో అమ్మేస్తుంటే నేను చేతులు పట్టుకుని ఆపాను.

వేడి, దుమ్ము సంగతి కూడా క్లుప్తంగా. మామూలు పీఎల్‌సీలు చాలావరకు 55 డిగ్రీల దాకానే ఓర్చుకుంటాయి. రెంటచింతల, రామగుండం వైపు మే నెలలో బయటే 45 దాటుతుంది, బాయిలర్ పక్కన మూసి ఉన్న ఇనుప ప్యానెల్ లోపల ఎంత ఉంటుందో లెక్కేసుకోండి. వేడిగా ఉందని తలుపు తెరిచి ఫ్యాన్ పెడతారు, అప్పుడు ఊక దుమ్ము, పిప్పి దుమ్ము లోపలికి పోయి కార్డుల మీద పేరుకుంటుంది, బల్లులు దూరి టెర్మినళ్ల మధ్య కాలి చస్తాయి. ప్యానెల్ ఫ్యాన్, ఫిల్టర్ సరిగ్గా పెట్టి నెలకోసారి ఫిల్టర్ కడగండి, కేబుళ్లు వచ్చే కంతలు మూసేయండి, ఏడాదికోసారి టెర్మినల్ స్క్రూలు బిగించండి, 24 వోల్టుల సప్లై లోడ్ మీద ఎంత ఇస్తుందో రాసి పెట్టుకోండి. పూజ రోజు కొబ్బరి నీళ్లు, విభూతి తలుపు బయటే ఉంచండి, దేవుడు తప్పుగా అనుకోడు.

ఐటీఐ, పాలిటెక్నిక్ మాస్టార్లకి ఒక విన్నపం. మీ దగ్గర్నుంచి వచ్చే పిల్లలు మోటారు స్టార్ట్ చేసే స్టార్-డెల్టా ల్యాడర్ చకచకా రాస్తున్నారు, సంతోషం. కానీ బ్యాటరీ ఎక్కడుంటుందో అడిగితే దిక్కులు చూస్తున్నారు. ల్యాబ్‌లో పాడైనా ఫరవాలేదనుకునే ఒక పాత పీఎల్‌సీ ఇచ్చి, కాపీ తీయించి, బ్యాటరీ మార్పించి, ఒకసారి కావాలనే ప్రోగ్రామ్ పోగొట్టి మళ్లీ ఎక్కించమనండి. ఆ భయం ల్యాబ్‌లో ఒకసారి పడితే ఫ్యాక్టరీలో చెయ్యి జాగ్రత్తగా ఉంటుంది. ఓనర్లకీ ఒక మాట, బ్యాటరీ లైటు వెలుగుతోందని మీ దగ్గరకి వచ్చిన కుర్రాడిని, ఇప్పుడెందుకు ఖర్చు అని వెనక్కి పంపకండి. ఆ చిన్న కొనుగోలుకి మూడు కొటేషన్లు అడగకండి. ఆ తర్వాత యంత్రం ఆగితే అతని మీదే అరుస్తారు, నాకు తెలుసు.

ఈ ఉత్తరం దసరాకి కనీసం వారం ముందు వేస్తే మేలు. బ్యాటరీ ఆర్డర్ పెడితే హైదరాబాద్ నుంచో చెన్నై నుంచో రావడానికి ఆ మాత్రం రోజులు పడుతుంది, పండగ లోపు మార్చేసుకోవచ్చు. నేను మాత్రం ఈ వారం మూడు రైస్ మిల్లులు, ఒక కోల్డ్ స్టోరేజీ చూడాలి. మొదటి మిల్లులో స్టిక్కర్ మీద నా చేతిరాతే ఉంది, ఈ అక్టోబర్‌తో గడువు అయిపోతుంది.

ఇట్లు,
ఒక ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్,
తూర్పు గోదావరి జిల్లా.